వేరు యజమానులైనా ఒకే లెక్క: అమెరికాలో బంధువుల చిన్న వ్యాపారాలకు 401(కె) పెట్టేముందు

భర్త పేరు మీద ఐటీ కన్సల్టింగ్ కంపెనీ, భార్య పేరు మీద హోమ్ హెల్త్ ఏజెన్సీ, బావమరిదితో సగం సగంగా ఒక గ్యాస్ స్టేషన్. మూడింటికీ మూడు ఈఐఎన్‌లు (వ్యాపారాలకు ఇచ్చే పన్ను నంబర్లు), మూడు బ్యాంకు ఖాతాలు, మూడు టాక్స్ రిటర్నులు. కాబట్టి ఐటీ కంపెనీలో 401(కె), అంటే జీతంలోంచి దాచుకునే రిటైర్మెంట్ ప్లాన్, పెట్టుకుంటే మిగతా రెండింటితో పనిలేదని చాలామంది అనుకుంటారు. రిటైర్మెంట్ ప్లాన్ విషయంలో ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) చూసేది ఈఐఎన్‌లను కాదు. ఎవరి చేతిలో ఎంత శాతం ఉంది, బంధుత్వం వల్ల ఎవరి వాటా ఎవరి లెక్కలో కలుస్తుంది, ఒక కంపెనీ ఇంకోదాని పని చేస్తోందా అన్న మూడు ప్రశ్నలే దానికి ముఖ్యం. జవాబులు ఒక హద్దు దాటితే ఆ కంపెనీలన్నీ ఒకే యజమాని కిందికి వస్తాయి. అప్పుడు గ్యాస్ స్టేషన్‌లో కౌంటర్ దగ్గర నిలబడే మనిషి కూడా ఐటీ కంపెనీ ప్లాన్ పరీక్షల్లో ఒక అంకె అవుతాడు.

ఈ లెక్క ప్లాన్ పెట్టకముందే తేల్చుకోవాలి. పెట్టిన మూడేళ్లకు తేలితే ఖర్చు చాలా ఎక్కువ.

ముందు కాగితాలు

కుటుంబంలో ఎవరికి ఏ వ్యాపారంలో ఎంత వాటా ఉన్నా ఒకే పట్టికలో రాయండి. పక్క ఆదాయం కోసం 1099 మీద చేసే కన్సల్టింగ్, అద్దె ఇళ్లు పెట్టిన ఎల్ఎల్‌సీ, స్నేహితుడి రెస్టారెంట్‌లో పెట్టిన 10 శాతం, అన్నీ రావాలి. నోటిమాట శాతాలు వద్దు. ఎస్ కార్పొరేషన్‌కీ పార్ట్‌నర్‌షిప్‌కీ షెడ్యూల్ కె-1, కార్పొరేషన్‌కు స్టాక్ లెడ్జర్, ఎల్ఎల్‌సీకి ఆపరేటింగ్ అగ్రిమెంట్ చూడండి. పార్ట్‌నర్‌షిప్‌లో లాభాల వాటా వేరు, మూలధనం వాటా వేరు ఉండొచ్చు. రెండూ రాసుకోండి, ఎందుకంటే వాటిలో ఏదో ఒకటి హద్దు దాటినా చాలు. షేర్లు కొనుక్కునే ఆప్షన్ ఎవరికైనా ఉంటే ఆ షేర్లు ఇప్పటికే అతనివన్నట్టు లెక్క.

ప్రతి వాటా పక్కన అది ఏ తేదీన వచ్చిందో కూడా రాయండి. టీపీఏ, అంటే ప్లాన్ లెక్కలు చూసే సంస్థ, ఏటా పంపే ప్రశ్నావళిలో "మీకు గానీ మీ కుటుంబ సభ్యులకు గానీ ఇతర వ్యాపారాల్లో వాటాలున్నాయా" అనే ప్రశ్న ఉంటుంది. ఈ వ్యవహారంలో ఎక్కువ చిక్కులు పుట్టేది అక్కడే. అలవాటుగా "లేదు" అని టిక్ పెట్టేస్తారు, టీపీఏ దాన్నే నమ్మి పరీక్షలు చేస్తారు. తప్పని తేలినప్పుడు బాధ్యత మాత్రం ప్లాన్ పెట్టిన యజమానిదే.

ఎవరి వాటా ఎవరి లెక్కలో కలుస్తుంది

వాటాల వల్ల ఒకే యజమాని కిందికి వచ్చే కంపెనీల గుంపును కంట్రోల్డ్ గ్రూప్ అంటారు. ఆ లెక్కకు వర్తించేది పన్ను చట్టంలోని సెక్షన్ 1563. మన కుటుంబాల్లో తరచుగా వచ్చే బంధుత్వాలు ఇవి:

- అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు: కలవదు. అన్నకు ఒక మోటెల్, తమ్ముడికి ఇంకో మోటెల్ నూటికి నూరు శాతం ఉంటే ఈ లెక్కలో వాళ్లు పరాయివాళ్లే.
- మామ, అల్లుడు, బావమరిది, వదిన: కలవదు. తండ్రి వాటా కూతురి లెక్కలో కలిసినా, అక్కడి నుంచి మళ్లీ అల్లుడికి పోదు. కుటుంబ బంధుత్వం వల్ల వచ్చిన వాటా రెండోసారి చేతులు మారదు.
- 21 ఏళ్లు నిండని పిల్లలు: తల్లిదండ్రుల వాటా పిల్లలకూ, పిల్లల వాటా తల్లిదండ్రులకూ కలుస్తుంది.
- 21 నిండిన పిల్లలు, తల్లిదండ్రులు, తాతలు, మనవలు: ఒకరికి అదే కంపెనీలో 50 శాతం కంటే ఎక్కువ ఉంటేనే రెండోవారి వాటా కలుస్తుంది.

చివరిదానిలో "అదే కంపెనీలో" అన్న మాట దగ్గర చాలామంది తడబడతారు. తండ్రికి కిరాణా స్టోర్‌లో 60 శాతం, 25 ఏళ్ల కొడుక్కి 40 శాతం ఉంటే తండ్రి 50 దాటాడు కాబట్టి స్టోర్ మొత్తం 100 శాతం ఆయనదే. అదే కొడుకు వేరుగా సొంత ట్రకింగ్ కంపెనీ పెట్టుకుని, అందులో తండ్రికి ఒక్క షేరూ లేకపోతే ఆ కంపెనీ తండ్రి లెక్కలోకి రాదు.

భార్యాభర్తల సంగతి విడిగా చూడాలి. మామూలుగా ఒకరి వాటా రెండోవారిదే. మినహాయింపు ఉంది గానీ దానికి నాలుగు షరతులు, నాలుగూ ఒకేసారి, ఏడాది పొడవునా నిలవాలి. భర్త కంపెనీ విషయంలో చెబితే: అందులో భార్యకు నేరుగా ఏ వాటా ఉండకూడదు. ఆమె డైరెక్టర్‌గా గానీ ఉద్యోగిగా గానీ ఉండకూడదు, నిర్వహణలో పాల్గొనకూడదు. ఆ కంపెనీ మొత్తం ఆదాయంలో అద్దెలు, వడ్డీలు, డివిడెండ్లు, రాయల్టీలు, యాన్యుటీల వంటివి 50 శాతం మించకూడదు. భర్త తన షేర్లు అమ్ముకోవాలంటే భార్యకో 21 లోపు పిల్లలకో ముందు హక్కు ఇచ్చే ఆంక్ష ఉండకూడదు.

కాగితం మీద ఇవి తేలిగ్గానే కనిపిస్తాయి. మినహాయింపు ఎక్కువగా పోయేది రెండో షరతు దగ్గర. భార్యకు ఆరోగ్య బీమా వస్తుందని భర్త కంపెనీ పేరోల్‌లో చిన్న జీతం పెడతారు. లేదా జీతం లేకుండానే పేరోల్ ఆమోదించడం, మనుషుల్ని తీసుకోవడం, చెక్కుల మీద సంతకం పెట్టడం ఆమే చేస్తుంటారు. డబ్ల్యూ-2 (ఉద్యోగికి ఇచ్చే జీతం ఫారం) వచ్చిందంటే మినహాయింపు పోయినట్టే, ఇక వాదనే లేదు. నిర్వహణ విషయంలో వాదించొచ్చు, కానీ ఆడిట్‌లో ఈమెయిళ్లు బయటికొస్తే ఆ వాదన నిలబడడం కష్టం. మినహాయింపు మీద ఆధారపడేవాళ్లు రెండోవారి కంపెనీ బ్యాంకు ఖాతాలో సంతకం అధికారం కూడా తీసేయించుకోవడం మంచిది.

2024కు ముందు ఇంకో రెండు ఉచ్చులు ఉండేవి. భార్యాభర్తలకు మినహాయింపు దొరికినా, ఇంట్లో 21 లోపు బిడ్డ ఉంటే ఇద్దరి వాటాలూ ఆ బిడ్డ లెక్కలో కలిసి, కంపెనీలు రెండూ ఒక గ్రూప్ అయిపోయేవి. టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, అరిజోనా వంటి కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాల్లోనైతే చట్టమే సగం వాటాను భార్యదనేది కాబట్టి మొదటి షరతే వీగిపోయేది. సెక్యూర్ 2.0 చట్టంలోని సెక్షన్ 315 ఈ రెండింటినీ 2023 డిసెంబర్ 31 తర్వాత మొదలయ్యే ప్లాన్ సంవత్సరాల నుంచి తొలగించింది. ఇంటర్నెట్‌లో ఇప్పటికీ తిరుగుతున్న పాత వ్యాసాల్లో పాత నియమమే ఉంటుంది, గమనించండి. ఇంట్లో చిన్న పిల్లలున్నారన్న కారణంతోనే అప్పట్లో ఒక గ్రూప్‌గా ప్లాన్ నడిపినవాళ్లు ఇప్పుడు విడిపోయారా అని టీపీఏ చేత మళ్లీ లెక్క కట్టించుకోవాలి.

80, 50 అంకెల పరీక్ష

ఒక కంపెనీ ఇంకోదానిలో 80 శాతం లేదా అంతకంటే ఎక్కువ పట్టుకుంటే అది పేరెంట్-సబ్సిడియరీ గ్రూప్. ఇందులో తికమక తక్కువ.

చిన్న వ్యాపారాలకు తగిలేది బ్రదర్-సిస్టర్ గ్రూప్. పేరు అలా ఉన్నా అన్నాచెల్లెళ్లతో సంబంధం లేదు. ఐదుగురు లేదా అంతకంటే తక్కువ వ్యక్తులు కలిసి రెండు కంపెనీల్లోనూ కనీసం 80 శాతం పట్టుకోవాలి. దాంతోపాటు ఒక్కొక్కరికి రెండు కంపెనీల్లో ఉన్న వాటాల్లో చిన్నదాన్ని తీసుకుని కూడితే 50 శాతం దాటాలి. రెండు పరీక్షలూ దాటితేనే గ్రూప్.

మొదటి కంపెనీలో రవికి 60, సురేష్‌కు 40, రెండోదానిలో రవికి 30, సురేష్‌కు 70 అనుకోండి. ఇద్దరూ కలిసి రెండింట్లోనూ 100 శాతం. చిన్న వాటాలు రవికి 30, సురేష్‌కు 40, కూడితే 70. గ్రూప్. ఇప్పుడు రెండోదానిలో రవికి 10, సురేష్‌కు 90 ఉంటే చిన్న వాటాలు 10, 40, మొత్తం 50. "దాటాలి" కాబట్టి సరిగ్గా 50 సరిపోదు. గ్రూప్ కాదు. 80 దగ్గర మాత్రం సరిగ్గా 80 ఉన్నా చాలు.

80 శాతం పరీక్షలో రెండు కంపెనీల్లోనూ వాటా ఉన్నవాళ్లనే కూడాలి. 1982లో వోగెల్ ఫర్టిలైజర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. అందుకే మొదట్లో చెప్పిన గ్యాస్ స్టేషన్ బయట ఉంటుంది. రెండింట్లోనూ వాటా ఉన్నది భర్త ఒక్కడికే, స్టేషన్‌లో అతనిది 50 మాత్రమే. భార్యకు గానీ 21 లోపు పిల్లలకు గానీ అందులో వాటా ఉంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఈ సంగతి తెలిసినవాళ్లు మేనేజర్‌కు 21 శాతం రాసిచ్చి తమది 79కి తగ్గించుకుంటారు. పద్ధతిగా చేస్తే ఇది చెల్లుతుంది. అయితే ఆ షేర్ల ఒప్పందంలో "ఉద్యోగం మానేస్తే షేర్లు యజమానికే తిరిగి అమ్మాలి" వంటి షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అలా యజమానికో కంపెనీకో అనుకూలంగా ఆంక్ష ఉన్న ఉద్యోగి షేర్లను చట్టం లెక్కలోంచే తీసేస్తుంది. మేనేజర్ 21 పోతే మిగిలిన 79కి యజమాని 79, అంటే నూరు శాతం. వాటాదారులందరికీ ఒకేలా వర్తించే, పరస్పరం ఉన్న మొదటి కొనుగోలు హక్కుకు మినహాయింపు ఉంది. కాబట్టి సంతకాలకు ముందే ఆ ఒప్పందాన్ని ఎరిసా లాయర్‌కు, అంటే రిటైర్మెంట్ ప్లాన్ల చట్టం చూసే లాయర్‌కు, చూపించండి.

శాతాలు దాటకపోయినా

సేవల వ్యాపారాలకు ఇంకో వల ఉంది, అఫిలియేటెడ్ సర్వీస్ గ్రూప్. వైద్యం, న్యాయం, అకౌంటింగ్, ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, కన్సల్టింగ్, ఇన్సూరెన్స్ వంటి రంగాలు ఇందులోకి వస్తాయి. ఇక్కడ 80 శాతం అక్కర్లేదు. వాటాలు కలిపే నియమం కూడా వేరు, సెక్షన్ 318. భార్యాభర్తలకు పైన చెప్పిన మినహాయింపు ఇందులో లేదు. పిల్లలకు వయసు హద్దూ లేదు.

ముగ్గురు డాక్టర్లు ఒక క్లినిక్ పార్ట్‌నర్‌షిప్ పెట్టుకున్నారనుకోండి. ఒక్కొక్కరూ తమ తమ ప్రొఫెషనల్ కార్పొరేషన్ ద్వారా మూడో వంతు పట్టుకుని, ఆ కార్పొరేషన్ ద్వారానే క్లినిక్‌లో పనిచేస్తారు. ఒక్కొక్కరిది 33 శాతమే అయినా నాలుగు సంస్థలూ ఒకే యజమాని. ఒక డాక్టర్ తన కార్పొరేషన్‌లో తనొక్కడికే ప్లాన్ పెట్టుకుని నర్సులనూ రిసెప్షనిస్టునూ క్లినిక్‌లో వదిలేస్తే కుదరకుండా చూడడానికే ఈ నియమం వచ్చింది.

వాళ్లలో ఒకరి భార్య మెడికల్ బిల్లింగ్ కంపెనీ పెట్టి, ఆదాయంలో ఎక్కువ భాగం ఆ క్లినిక్ నుంచే తెచ్చుకుంటే అదీ కలుస్తుంది. బిల్లింగ్ అనేది క్లినిక్‌లు తమ ఉద్యోగులతోనే చేయించుకుంటూ వచ్చిన పని. డాక్టర్ లెక్కలో భార్య వాటా ఉంది కాబట్టి, ఇలాంటి కంపెనీలో క్లినిక్‌వాళ్లకు 10 శాతం ఉంటే చాలన్న హద్దు ఎప్పుడో దాటింది. ఒక కంపెనీ ముఖ్యమైన పని ఇంకో సంస్థకు మేనేజ్‌మెంట్ చేసిపెట్టడమే అయితే వాటా అసలే లేకపోయినా రెండూ కలుస్తాయి. కన్సల్టింగ్ కుటుంబాలు "మేనేజ్‌మెంట్ ఫీజు" పేరుతో ఒక ఎల్ఎల్‌సీ నుంచి ఇంకోదానికి డబ్బు పంపే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఈ భాగం శాతాల లెక్కలా కాలిక్యులేటర్ మీద తేలదు. అనుమానం ఉంటే ఎరిసా లాయర్ దగ్గర రాతపూర్వక అభిప్రాయం తీసుకుని ప్లాన్ ఫైల్లో పెట్టండి.

గ్రూప్ అని తేలితే

ప్రతి కంపెనీకి వేరే ప్లాన్ ఉండొచ్చు. ఒకదానికే పెట్టి రెండోదాన్ని వదిలేయొచ్చు కూడా. అయితే ఉద్యోగులందర్నీ ఒకే చోట లెక్కపెట్టి కవరేజ్ టెస్ట్ నెగ్గాలి. ఎక్కువ జీతగాళ్లలో (హెచ్‌సీఈలు) ఎంత శాతం ప్లాన్‌లో ఉన్నారో, మిగతావాళ్లలో కనీసం దానికి 70 శాతం ఉండాలి. 5 శాతం కంటే ఎక్కువ వాటా ఉన్నవాళ్లు హెచ్‌సీఈలు. జీతం ఎంతైనా, అక్కడే పనిచేసే వాళ్ల భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు కూడా అంతే. 2026 ప్లాన్‌కైతే, 2025లో 1,60,000 డాలర్లకు మించి జీతం తీసుకున్నవాళ్లూ ఇందులో ఉంటారు.

ఒక యజమానికి ఐటీ కంపెనీలో 100 శాతం, కిరాణా స్టోర్‌లో 80 శాతం. మిగతా 20 శాతం పని చేయని స్నేహితుడి పెట్టుబడి. ఐటీలో యజమాని కాక ముగ్గురు ఉద్యోగులు, స్టోర్‌లో 12 మంది. స్టోర్‌లో ముగ్గురు 21 లోపువాళ్లు లేదా 1,000 గంటల సర్వీసుతో ఏడాది నిండనివాళ్లు, వాళ్లను పక్కన పెట్టొచ్చు. మిగిలింది 9. మొత్తం హెచ్‌సీఈ కానివాళ్లు 12. ఐటీకే ప్లాన్ పెడితే 12లో ముగ్గురు, 25 శాతం. యజమాని వైపు 100 శాతం. నెగ్గాలంటే 12లో 70 శాతం, అంటే 8.4, కాబట్టి 9 మంది. ఇంకా ఆరుగురు కావాలి. ఆరుగురిని పేర్లు పెట్టి ఎంచుకోవడం కంటే ఉద్యోగ వర్గాన్ని బట్టి చేర్చడం మేలు. స్టోర్ మొత్తాన్ని చేర్చుకోవడమే సులువు.

ఖర్చు ఎంతవుతుంది? జీతంలోంచి దాచుకునే భాగానికి ఉద్యోగి అర్హుడైతే చాలు, డబ్బు వేయకపోయినా ప్లాన్‌లో ఉన్నట్టే. యజమాని వేసే వాటా లెక్క వేరు. సేఫ్ హార్బర్ (యజమాని నిర్ణీత వాటా వేస్తే కొన్ని వార్షిక పరీక్షలు తప్పే పద్ధతి) కింద అందరికీ 3 శాతం ఇస్తే, 9 మందికి తలా 30,000 డాలర్ల జీతం మీద ఏడాదికి 8,100 డాలర్లు. మ్యాచ్ పద్ధతి ఎంచుకుంటే దాచుకున్నవాళ్లకే ఇవ్వాలి. స్టోర్ ఉద్యోగులు తక్కువగా దాచుకునే చోట అది చవక.

స్టోర్‌ను చేర్చడమంటే ప్లాన్ డాక్యుమెంట్‌లో పార్టిసిపేషన్ అగ్రిమెంట్ మీద ఆ కంపెనీ తరఫున సంతకం పెట్టడం. సంతకం లేకుండా స్టోర్ ఉద్యోగుల డబ్బు వేస్తే ఒక తప్పు. డాక్యుమెంట్ గ్రూప్ కంపెనీలన్నిటినీ తనంతట తానే చేర్చుకునే రకమైతే, స్టోర్‌వాళ్లకు అవకాశం ఇవ్వకపోవడం ఇంకో తప్పు. కాబట్టి ముందు డాక్యుమెంట్ చదవండి.

రెండు కంపెనీలకు రెండు ప్లాన్లు పెట్టి, పరీక్షకు కలుపుదామనుకుంటే రెండింటి ప్లాన్ సంవత్సరం ఒకటే కావాలి. సేఫ్ హార్బర్ ప్లాన్‌నూ, ఏటా ఏడీపీ టెస్ట్ (ఎక్కువ జీతగాళ్లు, మిగతావాళ్లు దాచుకున్న శాతాల పోలిక) చేసే ప్లాన్‌నూ కలపడం కుదరదు. టాప్-హెవీ లెక్కలోనూ గ్రూప్ ప్లాన్లను కలిపి చూస్తారు. కీలక వ్యక్తుల ఖాతాల్లో 60 శాతం కంటే ఎక్కువ ఉంటే మిగతావాళ్లకు మామూలుగా 3 శాతం ఇవ్వాలి. వారానికి కొద్ది గంటలే వచ్చినా వరుసగా రెండేళ్లు ఏటా 500 గంటలు నిండిన పార్ట్ టైమ్‌వాళ్లకు 2025 నుంచి జీతంలోంచి దాచుకునే అవకాశం ఇవ్వాల్సిందే. గ్యాస్ స్టేషన్లలో ఇది తరచూ మరచిపోతారు.

పరిమితులు

ఉద్యోగి తన జీతంలోంచి దాచుకునే పరిమితి మనిషికి ఒకటే. 2026లో 24,500 డాలర్లు, 50 దాటినవాళ్లకు ఇంకో 8,000. ఎన్ని కంపెనీల్లో జీతం తీసుకున్నా, అవి గ్రూప్ అయినా కాకపోయినా అంతే. రెండు పేరోల్‌లలో రెండుసార్లు వేస్తే అదనపు మొత్తాన్ని తర్వాతి ఏప్రిల్ 15లోపు వెనక్కి తీయాలి.

ఉద్యోగి, యజమాని వాటాలు కలిపిన మొత్తం పరిమితి 2026లో 72,000 డాలర్లు. ఇది యజమానికొకటి. కంపెనీలు నిజంగా వేరైతే ఒకే మనిషికి రెండు చోట్లా ఈ పరిమితి ఉంటుంది, గ్రూప్ అయితే ఒకటే. ఈ ఒక్క పరిమితి విషయంలో పేరెంట్-సబ్సిడియరీ హద్దు 80 కాదు, 50 దాటితే చాలు. ఇంకో మాట: ఎస్ కార్పొరేషన్ యజమానికి ప్లాన్ లెక్కలో జీతమంటే డబ్ల్యూ-2 జీతమే, కె-1లో వచ్చిన లాభం కాదు.

గ్రూప్ కాకపోయినా ఒకే ప్లాన్ కావాలంటే

అన్నదమ్ముల రెండు మోటెళ్లు గ్రూప్ కావు. అయినా ఖర్చు కలిసొస్తుందని ఒకే ప్లాన్‌లో చేరితే అది మల్టిపుల్ ఎంప్లాయర్ ప్లాన్. కవరేజ్, ఏడీపీ పరీక్షలు ఏ మోటెల్‌కు ఆ మోటెల్‌కే. ఏటా ప్లాన్ గురించి ఫైల్ చేసే ఫారం 5500 మీద ఆ గడిలోనే టిక్ పెట్టి, చేరిన యజమానుల జాబితా జతచేయాలి. మామూలు సింగిల్ ఎంప్లాయర్ ప్లాన్‌లా ఫైల్ చేయడమే ఇక్కడ జరిగే పొరపాటు. ఒకే మనిషి రెండింట్లోనూ జీతం తీసుకుంటుంటే పైన చెప్పిన 72,000 కూడా ఈ ప్లాన్‌లో రెండు చోట్లకూ కలిపి ఒకటే అవుతుంది.

సెప్, సింపుల్, సోలో

ఈ చిన్న ప్లాన్లకు గ్రూప్ నియమం ఇంకా గట్టిగా తగులుతుంది. పక్క కన్సల్టింగ్‌కు సెప్ ఐఆర్‌ఏ పెట్టి, అందులో తనకు 20 శాతం వేసుకున్న యజమాని స్టోర్ ఉద్యోగులకూ అదే శాతం వేయాలి. 21 నిండి, గడిచిన ఐదేళ్లలో మూడేళ్లు పనిచేసినవాళ్లందరికీ. 2025కైతే ఆ ఏడాది 750 డాలర్ల జీతం వచ్చినా చాలు. సింపుల్ ఐఆర్‌ఏకు వందమంది హద్దు గ్రూప్ మొత్తానికి చూస్తారు, గ్రూప్‌లో ఇంకో ప్లాన్ ఉంటే సింపుల్ నడపకూడదు. సోలో 401(కె)లో "ఉద్యోగులు లేరు" అన్న మాట గ్రూప్ మొత్తానికి నిజం కావాలి. స్టోర్‌లో తొమ్మిది మంది ఉంటే అది సోలో కాదు.

ఆలస్యంగా తెలిస్తే, వాటా మారితే

ప్లాన్ సంవత్సరం ముగిసిన తొమ్మిదిన్నర నెలల లోపల, అంటే క్యాలెండర్ ఏడాది ప్లాన్‌కు అక్టోబర్ 15 లోపల, కవరేజ్ లోటును వెనకటి తేదీతో సవరణ చేసి పూడ్చొచ్చు. చేర్చుకున్నవాళ్లకు నిజంగా డబ్బు వేయాలి, దాచుకునే అవకాశం పోయినందుకు యజమానే ఆ లోటు భర్తీ చేయాలి. ఆ గడువు దాటిన సంవత్సరాలకు ఐఆర్ఎస్ దిద్దుబాటు పద్ధతి ఈపీసీఆర్ఎస్ ఉంది. ఆడిట్ నోటీసు రాకముందు మీరే ముందుకొస్తే అయ్యే ఖర్చుకూ, వచ్చాక అయ్యేదానికీ పోలిక లేదు.

కొత్త కంపెనీ కొనడం వల్లో అమ్మడం వల్లో గ్రూప్ మారితే, మార్పు జరిగిన సంవత్సరం తర్వాతి ప్లాన్ సంవత్సరం చివరిదాకా కవరేజ్ విషయంలో వెసులుబాటు దొరుకుతుంది. 2026 ఏప్రిల్‌లో స్టోర్ కొంటే 2027 డిసెంబర్ 31 వరకు. అయితే కొనకముందు కవరేజ్ నెగ్గి ఉండాలి, ఆ మధ్యలో ప్లాన్‌లో గానీ కవరేజ్‌లో గానీ పెద్ద మార్పు చేయకూడదు. కొనుగోలు ఖరారైన వారంలోనే కొత్త శాతాలూ తేదీలూ టీపీఏకు ఈమెయిల్‌లో పంపండి, ఏటా వచ్చే ప్రశ్నావళి దాకా ఆగొద్దు.